పాతకారుల పరుగు

యంత్రబలముతో నడచు బండి గంటకు 4 మైళ్లకు మించి పోరాదనియు, దాని ముందొకడు ఎర్రజెండాతో నడువవలెననియు ఇంగ్లండున 1865లో శాసనము చేసిరి. 1896 నాటికి ఈ నిర్బంధములు తొలగెను. క్రొత్త శాసనము అమలునకు వచ్చిన నవంబరు 14వ తేదీన మోటారుకారుల యజమానులు లండను నుండి బ్రైటనునకు సంతోషయాత్ర చేసిరి. దాని స్మారకముగా 1927లో మరల పరుగు జరిపిరి. నేటికిని నవంబరులో, 1905కు పూర్వము తయారైన కారులు వేకువనే హైడుపార్కునుండి బయలుదేరి, సుమారు 60 మైళ్లు పోవుచున్నవి. తొలుత ఎర్రజెండాను చింపుట ఆచారము.

ఇది పందెము కాదు. క్షేమముగా చేరుటయే గెలుపు. అంగడిలో దొరకని భాగములను కొలతలు తీసి చేయించుకొందురు. కదలని యంత్రమున ఇనుము తుప్పుపట్టును, రబ్బరు బీటలువారును. అంతకంటె గొప్ప నష్టము మరొకటి కలదు: దానిని నడుపు నేర్పు, బాగుచేయు విధము ఎరిగినవారు లేకపోయినచో ఆ విద్య వారితోనే అంతరించును. ఏటేట జరుగు ఈ పరుగువలన ఆ విద్య పెద్దలనుండి పిన్నలకు సంక్రమించుచున్నది.

బాలలారా! మీ యింట తాతగారి గడియారమో, కుట్టుమిషనో మూలబడియున్నదా? దానిని తుడిచి, నడుపు విధమును పెద్దల నడిగి నేర్చుకొనుడు.