డొల్ల గోడకు కప్‌బోర్డు బిగిస్తున్నారా?



పిల్లలు పై తరగతికి వెళ్లేకొద్దీ పుస్తకాలు పెరుగుతాయి. స్టడీ టేబుల్ పైన గోడకు ఒక కప్‌బోర్డు ఉంటే బాగుండునని మనకు అనిపిస్తుంది. నేనూ మా అద్దె ఇంట్లో అలాగే ఒక పుస్తకాల అర బిగించాను. నాలుగు స్క్రూలు, నాలుగు ప్లాస్టిక్ ప్లగ్గులు. పది రోజులకు అది పుస్తకాలతో సహా ఊడి, కింద ఉన్న కుర్చీ మీద పడింది. అదృష్టవశాత్తు అప్పుడు కుర్చీలో ఎవరూ లేరు. అది ఇటుక గోడ కాదని నేను ముందే చూసుకోలేదు.

హాలును విడదీసి పిల్లలకు గది చేసేటప్పుడు చాలామంది జిప్సం బోర్డు పార్టిషన్ వేయిస్తారు. ఇందులో రేకుతో చేసిన నిలువు ఫ్రేములు, వాటికి రెండు వైపులా బోర్డులు, మధ్యలో ఖాళీ ఉంటాయి. సాధారణంగా బోర్డు మందం 12.5 మిల్లీమీటర్లు, అంటే సుమారు అర అంగుళం. ఫ్రేముల మధ్య దూరం ఎక్కువగా 60 సెంటీమీటర్లు. ఇటుక గోడలో ప్లగ్గును చుట్టూ గట్టిగా పట్టుకునే పదార్థం ఉంటుంది. ఇక్కడ పట్టుకునేది ఆ అర అంగుళం జిప్సం మాత్రమే. లాగుడు ఎక్కువైతే అది పొడిగా రాలిపోతుంది.

లెక్క చేసి చూద్దాం

పుస్తకాలతో కలిపి 40 కిలోల కప్‌బోర్డు అనుకోండి. లోతు 30 సెంటీమీటర్లు, పై స్క్రూల నుంచి కింది అంచుకు 60 సెంటీమీటర్లు. బరువు మధ్యలో, అంటే గోడకు 15 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. 40ని 15తో గుణించి 60తో భాగిస్తే 10 వస్తుంది. అంటే పై స్క్రూలను 10 కిలోల బరువంత బలం బయటికి లాగుతోంది. ఇప్పుడు 30 కిలోల పిల్లవాడు ముందు అంచు పట్టుకుని వేలాడితే? మరో 15 కలిసి లాగుడు 25 అవుతుంది. బరువు రెట్టింపు కూడా కాలేదు, లాగుడు మాత్రం రెండున్నర రెట్లైంది. గోడకు దూరంగా ఉన్న బరువు ఎక్కువ ప్రమాదం.

గోడను గుర్తించడం

వేలి కణుపుతో తట్టండి. డబ్బాలా మోగితే డొల్ల, మొద్దుగా వినిపిస్తే గట్టి గోడ. తర్వాత ఒక బలమైన అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరపండి. పుట్టీ, పెయింటు కింద ఉన్న స్క్రూల దగ్గర అది అతుక్కుంటుంది. అవి నిలువు వరుసలో ఉంటే ఫ్రేము అక్కడే. పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

బిగించేటప్పుడు

1. పార్టిషన్ ఇంకా కట్టకపోతే కప్‌బోర్డు వచ్చే చోట ఫ్రేముల మధ్య 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టించి, ఆపైన బోర్డు మూయమని మేస్త్రీకి చెప్పండి. అన్నిటికన్నా మంచి పద్ధతి ఇదే.

2. గోడ ఇప్పటికే ఉంటే ఆ భాగం బోర్డు కోసి, ప్లైవుడ్ పెట్టించి మళ్లీ మూయించవచ్చు. రేకు ఫ్రేము పలచగా ఉంటుంది కాబట్టి స్క్రూ ఫ్రేముకు తగిలిందన్న ధైర్యంతో బరువు పెంచకండి.

3. గోడ వెనక గొడుగులా తెరుచుకునే టాగిల్ బోల్టులు తేలికపాటి అరలకు పనికొస్తాయి. ప్యాకెట్ మీద రాసిన బరువు హద్దు దాటకండి.

4. స్విచ్‌బోర్డుకు పైన, కింద నిలువుగా వైర్లు ఉండవచ్చు. అక్కడ డ్రిల్ చేయకండి. పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపండి.

ఇవేవీ వీలుకాకపోతే నేల మీద నిలబడే కప్‌బోర్డు తీసుకోండి. అదీ ముందుకు వాలకుండా దాని పైభాగాన్ని గట్టి ఆధారానికి కట్టాలి. బరువైన పుస్తకాలు కింది అరల్లో పెట్టండి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఒక పని చేయండి. ఇంట్లో గోడలన్నీ తట్టించండి, ఏది డొల్లో వాళ్లనే చెప్పమనండి. పుస్తకాలు తూచి పైన చేసిన లెక్క వేయించండి. కప్‌బోర్డుకు వేలాడకూడదని మనం పదిసార్లు చెప్పినా వినని పిల్లలు, ఆ 25 తామే లెక్కగట్టి తెలుసుకుంటే గుర్తుంచుకుంటారు.