ముందు ఆ బిందెకు చెయ్యి వెయ్యి

నాయనా శీనూ,

నీ ఉత్తరంలో షిఫ్టుల గురించి, మెస్సు కూడు గురించి అంతా రాశావు. అసలు సంగతి మాత్రం పక్కింటివాళ్ల నోట వినాల్సి వచ్చింది. ఎద్దుల పండక్కి పర్మిషన్ రాకపోతే కుర్రాళ్లంతా హైవే ఎక్కుతారట, ముందు వరసలో నువ్వేనట. నిజమో కాదో గానీ నాకు నిద్ర పట్టలేదు.

2023 ఫిబ్రవరి 2న గోపసంద్రంలో ఏమైందో నీకు చెప్పక్కర్లేదు. అనుమతి ఆలస్యమైందని జనం కృష్ణగిరి–బెంగళూరు రోడ్డుకు అడ్డం కూర్చున్నారు. కూర్చున్నంతసేపూ అడిగేందుకు వాళ్లకో మాట ఉండింది. బస్సుల మీద రాళ్లు పడ్డాక ఎద్దుల మాట ఎవరూ ఎత్తలేదు. బాష్పవాయువు, కేసులు, అదే మిగిలింది.

కూర్చోవద్దని నేననను. మన తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1930లో తిరుచ్చి నుంచి వేదారణ్యం దాకా నడిచి ఉప్పు చట్టాన్ని కాదన్నవాడే. ఆ దండుకు కూడు పెట్టినా, చోటిచ్చినా శిక్ష తప్పదని తంజావూరు కలెక్టరు థార్న్ బెదిరించాడు. ఊళ్లవాళ్లు అన్నం పొట్లాలు దారి పక్క చెట్ల కొమ్మలకు కట్టి, ఏమీ ఎరగనట్టు ఇళ్లకు పోయారు. కలెక్టరు మీద చెయ్యెత్తలేదు, అతనికి భయపడీ ఊరుకోలేదు. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ పొట్లాలు కట్టినవాళ్ల దగ్గర.

ఇక నా కొళాయి గోల. మీ మామ నవ్వితే నవ్వనీ. గోపసంద్రం గొడవ జరిగిన ఆ నెలలోనే మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లి వైపు నీళ్ల ట్యాంకు కాడ బట్టలుతికే తగాదాలో, సెలవు మీద వచ్చిన సిపాయి దెబ్బలు తిని ప్రాణం పోగొట్టుకున్నాడు. బట్టలుతికే తగాదా నాయనా! 2013లో హొగేనకల్ నీళ్లు మన జిల్లాకు వచ్చాయి గానీ నీళ్ల కాడ నోళ్లు మూతపడలేదు. పెద్ద కొట్లాటలకు మొలక కొళాయి కాడే వస్తుందని నేనంటే ఎవరికీ పట్టదు.

మా చిన్నప్పుడు బేరికె వీధిలో ఒక్కటే కొళాయి. బిందెలు వరసన పెట్టేవాళ్లం. ఎవరో ఒకరు వరస తప్పించేవాళ్లు, జుట్లు పట్టుకునేదాకా పోయేది. మా అవ్వ తీర్పులు చెప్పేది కాదు. నిండు బిందె ఒంటరిగా నెత్తికెత్తుకోలేం కదా, తిట్టే ఆమెను పిలిచి, “ముందు ఆ బిందెకు చెయ్యి వెయ్యి, తిట్లు తర్వాత” అనేది. బిందె నెత్తికెక్కిన ఆమె మారు తిట్టలేదు, తొణికితే తడిసేది తన చీరే. ఆ కొళాయి కాడే మీ నాన్న పాచిలో జారి ముందరి పన్ను ఊడగొట్టుకున్నాడు, అడిగి చూడు.

నువ్వు కోపిష్టివి కావు, నాకు తెలుసు. దూడను కట్టేస్తే ఏడ్చిన పిల్లోడివి. రాత్రి షిఫ్టుకు పోయే ముందు ఇంత సంగటన్నా తింటున్నావా? ఉత్త టీ తాగి పనికి పోకు.

గుంపులో ఎవడన్నా రాయి తీస్తే “ఒరేయ్” అనకు. వాడి పేరు, వాళ్లమ్మ పేరు పెట్టి గట్టిగా పిలువు. తనను ఎవరూ గుర్తుపట్టరన్న ధైర్యంతోనే చెయ్యి పైకి లేస్తుంది. ఫలానా చోట మనవాళ్లను కొట్టారని ఫోన్లో వస్తే, ఇంకొకరికి పంపే ముందు అక్కడుండే మనిషిని అడుగు. ఆంబులెన్సుకు దారి వదిలే పని మీలో ఇద్దరికి ముందే అప్పజెప్పు. కన్నడం వీధి, తమిళం వీధి, మన తెలుగు వీధి, మూడింటి పెద్దలతోనూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించు.

సోమవారం కృష్ణగిరి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. పండగ ముంచుకొచ్చేదాకా ఆగకుండా ఈ సోమవారమే పెద్దలను వెంటబెట్టుకుని పో. మీ వీధి కొళాయి మరమ్మతు సంగతి కూడా ఆ అర్జీలోనే రాయించు.

నీ అత్త