పిడుదు కాటు, మచ్చల జ్వరం: కాపెల్ ప్రాంత కార్మికులకు సూచనలు

కాపెల్ పరిసరాల్లో గడ్డి కోసే పని, తోట పని, కంచెలు వేసే పని చేస్తున్న సోదరులు ఈ పేజీని ఓపికగా చదవవలసిందిగా మనవి. మన ఊళ్లల్లో పశువులకు, కుక్కలకు పట్టే పిడుదులు (కొన్నిచోట్ల గోమార్లు అంటారు) మీకు తెలిసినవే. ఇక్కడ వాటిని టిక్స్ అంటారు. డెంటన్ క్రీక్, ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయ వెంట పెరిగిన పొదల వంటి చోట్ల ఇవి గడ్డి కొసన కాచుకొని ఉండి, తగిలిన మనిషిని పట్టుకుంటాయి.

కొన్ని పిడుదుల్లో రికెట్సియా అనే సూక్ష్మజీవి ఉంటుంది. దానివల్ల వచ్చేదే రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్. పేరులో కొండలున్నా టెక్సాస్‌లోనూ వస్తుంది. ఇది పిడుదు ద్వారా సోకుతుందని 1906లో డాక్టర్ హోవార్డ్ రికెట్స్ చూపించారు.

కరిచినప్పుడు నొప్పి తెలియదు. 3 నుంచి 12 రోజుల్లో జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు మొదలవుతాయి. మచ్చలు సాధారణంగా మరో 2 నుంచి 4 రోజులకు మణికట్టు, చీలమండల దగ్గర కనబడతాయి. మన చామనచాయ ఒంటి మీద అవి సరిగా తెలియవు, కొందరికి అసలు రావు. కాబట్టి మచ్చల కోసం ఎదురుచూడకండి. మనవాళ్లకు ఒక అలవాటు ఉంది. జీతం కోత పడుతుందని రెండు పారాసిటమాల్ బిళ్లలు మింగి డ్యూటీకి పోతారు. ఈ జ్వరంలో అలా పోగొట్టుకున్న రోజులే ప్రాణం మీదకు తెస్తాయి. దీనికి మందు డాక్సీసైక్లిన్. మొదటి 5 రోజుల్లోపే మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న అమోక్సిసిలిన్ దీనికి పనికిరాదు. మొదటి వారంలో రక్తపరీక్షలో ఏమీ తేలకపోవచ్చు, అందుకే డాక్టర్లు అనుమానం మీదనే మందు ఇస్తారు. మీరు చెప్పవలసింది రెండే మాటలు: "టిక్ బైట్", "ఫీవర్". పిడుదును చూడకపోయినా గడ్డిలో పనిచేశానని చెప్పండి. తెలుగు దుబాసీని అడగవచ్చు.

ఇన్సూరెన్సు లేదని ఆగవద్దు. 1986 నాటి కేంద్ర చట్టం ప్రకారం మెడికేర్ తీసుకునే ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగం డబ్బు అడగకముందే పరీక్షించాలి, అత్యవసర స్థితి ఉంటే వైద్యం చేయాలి. బిల్లు తర్వాత వస్తుంది, అది వేరే సంగతి.

పనిలో ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోండి. రూముకు రాగానే బట్టలు డ్రైయర్‌లో బాగా వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనుక, జుట్టులో వెతుక్కోండి. పిడుదు కనబడితే కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగండి. వేళ్లతో నలపవద్దు. చోటును సబ్బుతో కడిగి, ఆ తేదీ ఫోనులో రాసి పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.