పక్క కుర్చీలో ఎవరున్నారో చూడు

తెనాలి

చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అమ్మ ఫోన్లో చదివి వినిపించింది. తర్వాత ఫొటో తీసి పంపితే కళ్ళజోడు పెట్టుకుని నేనే మళ్ళీ చదువుకున్నాను. నిన్ను తీసుకుంటానన్న హెడ్ కోచ్ ఇంకా పెద్ద యూనివర్సిటీకి వెళ్ళిపోయిందనీ, ఆ స్థానంలో వచ్చినావిడ ఇంతవరకు ఫోన్ చెయ్యలేదనీ రాశావు. అంతవరకు సరే. ఆఖర్న "ఇంక బాల్ ముట్టుకోను" అన్నావే, అక్కడ నా మనసు చివుక్కుమంది. పైగా నువ్వు ప్రాక్టీసుకి వెళ్ళడం మానేశావని మీ పిన్ని ద్వారా ఇంకో మాట చెవిన పడింది. అది నిజమో కాదో నువ్వే చెప్పాలి. నిజమైనా తిట్టను. కోపమొస్తే నాలుగు రోజులు దేని మొహమూ చూడకపోవడం మన ఇంట్లో అందరికీ ఉన్నదే. అది సరే, మడమ వాపు తగ్గిందా? ఐసు పెడుతున్నావా?

ఆ హెడ్ కోచ్ నిన్ను కాదనుకుని వెళ్ళలేదమ్మా. మీ అమెరికాలో ఈ కాలేజీ బాస్కెట్‌బాల్‌కి కోచ్‌లు మారే రుతువు ఒకటుంది. మార్చి వచ్చిందంటే ఓడిన చోట్ల కోచ్‌లని పంపించడం మొదలవుతుంది. ఏప్రిల్లో ఒక పెద్ద కుర్చీ ఖాళీ అయితే దాని వెనక ఇంకో నాలుగు కదులుతాయి. విక్ షేఫర్ మిసిసిపీ స్టేట్ జట్టుని 2017, 2018 రెండేళ్ళూ జాతీయ ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. 2020లో టెక్సాస్ పిలిస్తే వెళ్ళిపోయాడు. కిమ్ మల్కీ బేలర్లో ఇరవై ఒక్క సీజన్లు ఉండి మూడు టైటిళ్ళు తెచ్చింది. 2021లో తను పెరిగిన లూసియానాకి, ఎల్.ఎస్.యు.కి వెళ్ళింది. రెండేళ్ళు తిరక్కుండా అక్కడా టైటిల్ గెలిచింది. ఆవిడ వెళ్ళినా నలిస్సా స్మిత్ అనే అమ్మాయి బేలర్లోనే ఉండిపోయింది. కొత్తగా వచ్చిన నికీ కాలెన్ దగ్గర ఆడింది. ఆ ఏడాది బేలర్ తన లీగు బిగ్ 12లో మొదటి స్థానంలో నిలిచింది. 2022లో ప్రొఫెషనల్ లీగు డబ్ల్యు.ఎన్.బి.ఎ. డ్రాఫ్టులో ఆ అమ్మాయిది రెండో పేరు. కోచ్ మారితే ఆట అయిపోయినట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ ఉత్తరం మొత్తం హెడ్ కోచ్ గురించే. ఆవిడ ఏమంది, ఎక్కడికెళ్ళింది, అక్కడికి నన్నూ రమ్మంటోంది, వెళ్ళనా వద్దా అని. మరి వారం వారం నీకు ఫోన్ చేసే ఆ అసిస్టెంటు కోచ్ ఏమైంది? పోయిన ఎండాకాలం మీ ఎ.ఎ.యు. క్లబ్బు మ్యాచికి, అందరూ నంబర్ వన్ కోర్టు చుట్టూ మూగి ఉంటే, ఎక్కడో చివరి కోర్టు దగ్గర మడత కుర్చీ వేసుకుని కూర్చుంది ఆవిడే కదా? ఎడమ చేత్తో లేఅప్ వేసేటప్పుడు నీ భుజం ముందే తిరిగిపోతోందని కనిపెట్టింది ఆవిడేనని మీ అమ్మ చెప్పింది. అంత చూసిన మనిషి గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఆవిడ పాత చోటే ఉందా, హెడ్ కోచ్‌తో వెళ్ళిందా, అసలు ఉద్యోగం ఉందా లేదా? ముందు అది కనుక్కో.

నిన్ను వెతికి పట్టుకుంది ఆవిడ. మీ కాలేజీ ఆటలో ఎక్కువగా జరిగేది అదే. ఊరూరా తిరిగేది, ఫిల్మ్ చూసేది, తల్లిదండ్రులతో ఓపిగ్గా మాట్లాడేది అసిస్టెంట్లు. హెడ్ కోచ్ చివర్లో వచ్చి మంచి మాట చెప్పి వెళుతుంది. నువ్వు చేరాక కూడా అంతే. కాలు ఎక్కడ పడాలో నేర్పేదీ, రాత్రిపూట ఫిల్మ్ ముందు కూర్చోబెట్టేదీ, నిన్ను మ్యాచిలో ఎందుకు దించలేదో విడమరిచి చెప్పేదీ ఆ పక్క కుర్చీ మనిషే. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నారు మనవాళ్ళు. కోచ్ ఎలాంటి మనిషో తెలియాలంటే ఆ పక్క కుర్చీలో ఎవరున్నారో, ఎన్నాళ్ళుగా ఉన్నారో చూడాలి.

కనెక్టికట్ సంగతి చూడు. జీనో ఆరియెమ్మా 1985లో అక్కడ చేరినప్పుడు క్రిస్ డెయిలీ కూడా ఆయనతో చేరింది. మొదటి సీజన్లో 12 గెలిచి 15 ఓడారు. 2025లో పన్నెండో టైటిల్ గెలిచిన రోజున కూడా ఆ ఇద్దరూ ఒకే బెంచి మీద ఉన్నారు. నలభై ఏళ్ళు తల్లీ! సౌత్ కెరొలైనాలో డాన్ స్టేలీ పక్కన లీసా బోయర్ టెంపుల్ యూనివర్సిటీ రోజుల నుంచీ ఉంది. అయోవాలో లీసా బ్లూడర్‌కి జాన్ జెన్సెన్ కూడా అంతే. జెన్సెన్ డ్రేక్‌లో ఆవిడ దగ్గరే ఆడింది, ఆవిడ దగ్గరే అసిస్టెంటుగా చేరింది, 2000లో ఆవిడతోనే అయోవాకి వచ్చింది. 2024 మే నెలలో బ్లూడర్ రిటైరైతే హెడ్ కోచ్‌గా జెన్సెన్‌నే పెట్టారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో టారా వాన్‌డర్‌వీర్ తప్పుకున్నప్పుడు ఆవిడ అసిస్టెంటు కేట్ పే వచ్చింది. అలాంటి చోట పిల్లలకి పైన పేరు మారుతుంది గానీ గొంతు మారదు.

పక్క కుర్చీ మనిషి పెద్ద కుర్చీ ఎక్కితే తప్పకుండా గెలుస్తుందని అనను. టెనసీలో ప్యాట్ సమ్మిట్ తర్వాత హాలీ వార్లిక్ వచ్చింది. దాదాపు ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషి. ఏడు సీజన్లయ్యాక, 2019లో ఆమెని తప్పించారు. గెలుపోటముల లెక్క వేరు. నేను చూసేది నువ్వు పద్దెనిమిదేళ్ళకి ఇల్లు వదిలి వెళితే నీ మొహం చూసి నీకు ఒంట్లో బాగోలేదని పసిగట్టే మనిషి అక్కడ ఉంటుందా లేదా అని.

సమ్మిట్ అంటే గుర్తొచ్చింది. ఈ కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. 1990 సెప్టెంబరులో ఆవిడ నిండు గర్భిణి. పెన్సిల్వేనియాలో మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయి ఇంటికి విమానంలో వెళ్ళింది, మా జట్టులోకి రా అని అడగడానికి. నొప్పులు మొదలయ్యాయి. తిరుగు ప్రయాణంలో వర్జీనియాలో దిగిపోదామంటే ససేమిరా అంది. ఆ ఏడాదే టోర్నమెంటులో టెనసీని వర్జీనియా ఓడించింది మరి. బిడ్డ టెనసీలోనే పుట్టాలంది, అక్కడే పుట్టాడు. అందరూ ఇది సమ్మిట్ పట్టుదలకి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఆ విమానంలో పక్కన కూర్చున్న మికీ డిమాస్ కళ్ళ ముందు కనిపిస్తుంది. ఆవిడ అసిస్టెంటు కోచ్. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని పక్కన పెట్టుకుని ఆకాశంలో అంత దూరం ఎలా వచ్చిందో! ఆ ధైర్యం గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంత చేస్తే ఆ అమ్మాయి చేరింది నోటర్ డామ్‌లో. అక్కడ ఇమడలేక ఏడాదికే మారి టెనసీకే వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం ఒక సీజన్ ఆడకుండా కూర్చుంది. 1996లో టైటిల్ గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ క్రీడాకారిణి తనే. తప్పుదోవ పట్టానేమోనని నువ్వు ఇప్పట్నించే బెంగపడక్కర్లేదు. పదిహేడేళ్ళకి తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవడానికి టైముంటుంది.

మా రోజుల్లో కోచ్ అంటే కాలేజీలో ఆటలు నేర్పే పి.డి. మాస్టారే. గుంటూర్లో నేను ఖోఖో ఆడుతుంటే చూసి, పొడుగ్గా ఉన్నానని బాస్కెట్‌బాల్‌కి లాగింది ఆయనే. మీ ముత్తాత ఆడపిల్లకి ఆటలేమిటన్నారు. మాస్టారు మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, ఏమీ వాదించకుండా మా నాన్నతో పొగాకు ధర గురించి మాట్లాడి వెళ్ళేవారు. కొన్నాళ్ళకి మా నాన్నే "మాస్టారు ఈ వారం రాలేదేమే" అని అడగడం మొదలెట్టారు. అలా ఒప్పించారు. సరిగ్గా వాల్తేరులో ఇంటర్ కాలేజియేట్ పోటీలనగా ఆయనకి బదిలీ అయింది. మేమంతా బావురుమన్నాం. ఒకమ్మాయి వాళ్ళ నాన్నని పట్టుబట్టి మాస్టారు వెళ్ళిన ఊరి కాలేజీలో చేరి హాస్టల్లో ఉంది. మరుసటి ఏడు ఆయనకి మళ్ళీ బదిలీ.

మా దగ్గరికి వచ్చిన కొత్తాయనకి క్రికెట్టే లోకం. మాకు మిగిలింది మార్కరు. కోర్టుకి సున్నం గీతలు గీసే ముసలాయన, ఎందరో పి.డి.లని చూసినవాడు. మాది మట్టి కోర్టు. దుమ్ము లేవకుండా పొద్దున్నే నీళ్ళు చల్లి ఉంచేవాడు. మేం ఆడి వెళ్ళబోతుంటే నన్ను ఆపి తడినేల మీద నా అడుగులు చూపించేవాడు. "ఇదిగో పాపా, ఇక్కడ బాల్ పట్టావు. ఇది ఒకటి, ఇది రెండు, ఈ మూడోది ఎందుకు పడింది?" అనేవాడు. ఆ పక్కనే నేను మడమ మీద తిరగబోయి జారిన చోట నేల అర్ధచంద్రంలా గీరుకుపోయి ఉండేది. మునివేళ్ళ మీద తిరిగితే ఆ గీత రాదని చెప్పాడు. రాకుండా ఉండేదాకా తిరిగాను. ఆయన ఎప్పుడూ బాల్ పట్టి ఆడలేదు. నాకు పైవట్ నేర్పింది ఆయనే. వాల్తేరు వెళ్ళే రైల్లో ఆయన మా బాల్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా కాలితో తన్నుతారేమోనని. సముద్రం చూడటం నాకు అదే మొదటిసారి. మేమంతా నీళ్ళలోకి పరిగెడితే ఆయన గట్టు మీద మా చెప్పులకి కాపలా ఉన్నాడు. ఎక్కడికో వెళ్ళిపోయాను, నీ సంగతికి వస్తాను.

ఇప్పటివరకు నీ దగ్గరున్నది నోటిమాట. అది పాత కోచ్‌నీ కట్టిపడెయ్యదు, నిన్నూ కట్టిపడెయ్యదు. ఇదివరకు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒక కాగితం ఉండేది, 2024 అక్టోబరులో అది ఎత్తేశారు. ఇప్పుడు స్కాలర్‌షిప్ ఒప్పందం కాగితమే ముఖ్యం. ఆ కాగితం మీద సంతకం యూనివర్సిటీతో, కోచ్‌తో కాదు. కాబట్టి "నాతో వచ్చెయ్" అని పాత కోచ్ అన్నప్పుడు సంతోషించు గానీ, ఆ మాట ఆ యూనివర్సిటీ కాగితం మీదికి ఎప్పుడొస్తుందో, ఒక ఏడాదికా నాలుగేళ్ళకా అని మీ నాన్న చేత అడిగించు. జట్టుకి పదిహేను స్థానాలు. 2018లో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు పెట్టుకునే పోర్టల్ వచ్చింది. 2021 నుంచి మారినవాళ్ళు ఏడాది కూర్చోనక్కర్లేదు. ఇప్పుడు ప్రతి వసంతంలో వెయ్యిమందికి పైగా ఆడపిల్లలు అందులో పేరు పెడుతున్నారు. పెద్ద చోట కొత్త కోచ్ అంటే వెంటనే గెలవాలి. ఇరవై ఏళ్ళొచ్చి మూడు సీజన్లు ఆడిన గార్డు దొరుకుతుంటే హైస్కూలు పిల్లకి చోటెంత మిగులుతుందో అడగడం తప్పు కాదు. 2025 జూలై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్ళకి డబ్బివ్వొచ్చు. ఆ లెక్కలు మీ నాన్న చూస్తాడు, నువ్వు తల పెట్టకు. చదువు సంగతి మీ అమ్మ చూసుకుంటుంది.

ఇక కొత్తావిడ ఫోన్ చెయ్యలేదని అలగడం. ఆవిడ వచ్చీ రాగానే ఉన్న పిల్లలు పోకుండా చూసుకోవాలి, అసిస్టెంట్లని వెతుక్కోవాలి, ఇల్లు వెతుక్కోవాలి. నీ పేరు ఆవిడ బల్ల మీద ఏ కాగితం కింద ఉందో. నువ్వే రాయి. ఈ ఏడాది ఫిల్మ్ జతచేసి, నేను ఫలానా, మీ దగ్గర ఆడాలని ఉంది, మాట్లాడదామా అని నాలుగు వాక్యాలు చాలు.

మాట్లాడినప్పుడు మాత్రం నేను చెప్పినవి అడుగు. గార్డుల్ని చూసే అసిస్టెంటు ఎవరు? ఆవిడ ఈ హెడ్ కోచ్‌తో ఎన్నేళ్ళుగా ఉంది? పాత స్టాఫులో ఎవరినైనా ఉంచుకున్నారా? పిల్లకి దెబ్బతగిలి ఆర్నెల్లు ఆడలేకపోతే వారానికోసారైనా పక్కన కూర్చునేది ఎవరు? అంతకుముందు ఆడి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ ఏ అసిస్టెంటుకి ఫోన్ చేస్తారు? ఇంకో పని చెయ్యి. ఆవిడ పాత జట్టు మ్యాచి ఒకటి యూట్యూబులో పెట్టుకుని బాల్ వైపు చూడకుండా బెంచి వైపు చూడు. టైమౌట్ అడిగాక, పిల్లల దగ్గరికి రాబోయే ముందు కోచ్‌లు విడిగా గుమిగూడతారు. ఆ కాసేపట్లో హెడ్ కోచ్ మాట్లాడుతుందా, వింటుందా? ఎవరి మాట వింటుంది? ఒకటి కాదు, రెండు మూడు మ్యాచిలు చూడు. ఓడిపోతున్న మ్యాచి అయితే మరీ మంచిది.

పంజాబ్ పిల్ల హర్సిమ్రన్ కౌర్ మన దేశం నుంచి వెళ్ళి శాన్ డియేగో యూనివర్సిటీకి ఆడింది. ఆ అమ్మాయికి అమ్మ సముద్రాల అవతల. నీకు పక్క గదిలో ఉంది. రాత్రిళ్ళు ఒక్కదానివే ఏడవకు, వెళ్ళి దాని మంచం మీద పడుకో. ఏమీ అడగొద్దని దానికి నేను చెప్పాను.

ఆ అసిస్టెంటు కోచ్‌కి మాత్రం ఈ ఆదివారం నువ్వే ఫోన్ చెయ్యి. నిన్ను చూసుకున్నందుకు థాంక్స్ చెప్పు. ఆవిడ ఎక్కడ తేలిందో కనుక్కో, తర్వాత నాకు చెప్పు. ఇక్కడ ఎంత పొద్దైనా పరవాలేదు.

ముద్దులతో
అమ్మమ్మ

తా.క. స్ట్రెంగ్త్ కోచ్ కూడా హెడ్ కోచ్‌తోపాటు వెళ్ళిపోయాడా అన్నది అడగడం మరిచిపోకు. నీ మడమ సంగతి కొత్త మనిషికి మొదట్నించీ చెప్పాల్సి వస్తుంది. ఆ ఎక్స్‌రేలు, డాక్టరు రాసిచ్చిన కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకో.