పదమూడు నిమిషాలు వినగలరా?

ఫోన్‌లో తెలియని పాట మొదలైతే ఎంతసేపు వింటారు? పల్లవి దాకా? అంతకుముందే వేలు తర్వాతి పాటను నొక్కేస్తోందా? అలా దాటేసిన ప్రతిసారీ, అర్థంకానిదాని ముందు కాసేపు నిలబడే ఓపిక మనలో కొంత సన్నగిల్లుతుంది. కొత్త ఉద్యోగంలో, కొత్త ఊళ్ళో, పెరుగుతున్న పిల్లల ముందు మనకు కావలసింది ఆ ఓపికే. దాన్ని పెంచుకునే సాధన ఒకటి చెబుతాను. వారానికి ఒక ఆల్బమ్, మొదటి నుంచి చివరిదాకా, ఆపకుండా వినండి. అలవాటైన సినిమా పాటలు వద్దు. జాజ్, ఎలక్ట్రానిక్, ప్రోగ్రెసివ్ రాక్ లాంటివి, ఎటు పోతుందో ముందే తెలియని సంగీతం కావాలి.

కోల్‌కతాతో మొదలుపెట్టండి. ఆ ఊరికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది.

కోల్‌కతా సితార్ కళాకారుడు ఆనంద శంకర్ నాట్యాచార్యుడు ఉదయ్ శంకర్ కొడుకు. పండిట్ రవిశంకర్ ఆయనకు సొంత బాబాయి. అయినా ఆయన సితార్ నేర్చుకున్నది కాశీలో లాల్‌మణి మిశ్రా దగ్గర. 1970లో అమెరికాలో రిప్రైజ్ కంపెనీ తెచ్చిన ఆయన తొలి ఆల్బమ్‌లో సితార్‌తో పాటు మూగ్ సింథసైజర్ మోగుతుంది. అందులో రోలింగ్ స్టోన్స్, డోర్స్ అనే రాక్ బృందాల పాటలను సితార్ మీద వాయించారు. చాలామంది ఆ రెండింటి కోసమే ఆ రికార్డు పెట్టుకుంటారు. నేనైతే ‘సాగర్’ వినమంటాను. పదమూడు నిమిషాల పైచిలుకు ఉంటుంది. మొదట్లో ‘ఇంకా మొదలవ్వలేదేంటి’ అనిపిస్తుంది. కాసేపటికి చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. సాధన మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. చిరాకు వచ్చిందని గమనించి, చేతిని వెనక్కి తీసుకుని వింటూ ఉండండి. కొంతసేపటికి చెవి పల్లవి కోసం ఎదురుచూడటం మానేస్తుంది. తీగ మోగి, ఆ మోత సన్నబడి, కింద ఉన్న ధ్వనిలో కలిసిపోవడం వినిపిస్తుంది. ఆ మార్పు ఎవరో చెబితే తెలిసేది కాదు, మీకే జరగాలి.

ఆయనే 1975లో మన దేశంలో హెచ్‌ఎంవీ రికార్డుల కంపెనీకి ‘ఆనంద శంకర్ అండ్ హిజ్ మ్యూజిక్’ చేశారు. అందులోని ‘స్ట్రీట్స్ ఆఫ్ కలకత్తా’, ‘డాన్సింగ్ డ్రమ్స్’ రెండు దశాబ్దాల తర్వాత లండన్ క్లబ్బుల్లో డీజేల చేతికి చిక్కి, కొత్త తరాన్ని చిందులేయించాయి. ఇలాంటిదే మరొకటి ఉంది. కోల్‌కతా గాయని రూపా బిశ్వాస్ 1982లో కెనడాలోని కాల్గరీలో ‘డిస్కో జాజ్’ రికార్డు చేశారు. సరోద్ వాయించింది ఆశిష్ ఖాన్. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు లేరు. 2019లో చికాగో కంపెనీ ఒకటి దాన్ని మళ్ళీ విడుదల చేసింది. వచ్చిన ఏడాదే ఎవరూ మెచ్చలేదని ఒక పని విలువ తేలిపోదు. ఆఫీసులో మీ పక్క సీటులో కూర్చున్న మనిషి చేస్తున్న పని కూడా అంతే.

వినడమే చదువుగా బతికిన మనిషిని చూడాలంటే గిటారిస్టు కార్ల్‌టన్ కిట్టోని చూడండి. జాజ్ గిటార్‌ను ఆయన గురువు లేకుండా, అమెరికా గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ లాంటివాళ్ళ రికార్డులు పదే పదే విని పట్టుకున్నారు. కోల్‌కతా పార్క్ స్ట్రీట్ హోటళ్ళలో జాజ్ వెలిగిన రోజుల నుంచి, ఆ వెలుగు తగ్గిన తర్వాత కూడా, 2016లో కన్నుమూసేదాకా ఆ ఊళ్ళోనే వాయిస్తూ, పిల్లలకు నేర్పుతూ ఉండిపోయారు. ఒకే రికార్డును మళ్ళీ మళ్ళీ వినడం కాలక్షేపం అనుకునేవాళ్ళకు ఆయన పేరు చెప్పాలి.

బెంగాలీ రాదు కదా అంటారా? రానందుకే ‘మొహీనేర్ ఘోడాగులి’ వినాలి. 1975లో గౌతమ్ చటోపాధ్యాయ్ మొదలుపెట్టిన ఈ బృందం పేరు బెంగాలీ కవి జీవనానంద దాస్ కవితలోంచి వచ్చింది. బెంగాలీ జానపదమైన బావుల్ పాట, రాక్, జాజ్ కలిపి 1977, 78, 79ల్లో మూడు చిన్న రికార్డులు చేసి, 1981లో విడిపోయింది. వాళ్ళ పాటలను కొత్తవాళ్ళు వెతుక్కుని పాడింది 1995 తర్వాతే. మాట తెలియనప్పుడు గొంతులోని ఊపిరి, తాళం, విరామం ముందుకొస్తాయి. కోల్‌కతాకో ఖరగ్‌పూర్‌కో బదిలీ మీద వెళ్ళిన తెలుగువాళ్ళకు ఇలా వినే చెవి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

మన తెలుగువాళ్ళలోనూ ఇలా కొత్త దారి వెతికినవాళ్ళు ఉన్నారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1995లో కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ చేశారు. కర్ణాటక సంగీతంలో అంత గట్టి పునాది ఉన్న మనిషి, గిటారు, ఎలక్ట్రానిక్ ధ్వనుల మధ్య తన వాద్యం ఎలా మోగుతుందో వెతుక్కుంటూ వెళ్ళారు. ఆ ధైర్యం నాకు చాలా ఇష్టం.

ఎలా వినాలంటే, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. చేతిలో పని పెట్టుకోకండి. అయిపోయాక రెండు వాక్యాలు రాసుకోండి. బాగుందనో బాలేదనో వద్దు, ఏం వినిపించిందో రాయండి. వారం తిరక్కముందే ఇంకోసారి విని, మళ్ళీ రాయండి. ఆఫీసులో జూనియర్ సగం ఆలోచనతో మీ ముందుకొచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించండి. ముందు అతను ఏం చెప్పాడో మీ మాటల్లో తిరిగి చెప్పండి, అభిప్రాయం తర్వాత.

మూడోసారి విన్నాక కూడా ఆల్బమ్ నచ్చకపోతే మొహమాటం లేకుండా నచ్చలేదనండి. ఏ నిమిషంలో, ఏ వాద్యం దగ్గర మనసు విరిగిందో అప్పటికి మీరు చెప్పగలరు.