రెండు క్లాసులూ ఒకే సెమిస్టర్‌లో

అమ్మలూ,

ముందు ఇంగ్లీషు కోర్సులన్నీ అయ్యాక కాలేజీలో కినీసియాలజీ, అంటే శరీర కదలికల శాస్త్రం, తీసుకుంటానని రాశావు. నీలా తెలుగు మీడియంలో చదివి, పెళ్లయి కాలిఫోర్నియా వచ్చిన అమ్మాయిలు చాలామంది ఇలాగే అనుకుంటారు. నేను మాత్రం రెండూ ఒకే సెమిస్టర్‌లో మొదలుపెట్టమనే చెబుతాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు కెనడాకు వలసవచ్చిన బడిపిల్లలను గమనించి, 1970ల చివర్లో, 80ల మొదట్లో ఒక సంగతి తేల్చాడు. తోటివాళ్లతో మాట్లాడుకునే ఇంగ్లీషు సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. పాఠం చదివి, అర్థం చేసుకుని, పరీక్ష రాసే ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. నువ్వు బడిపిల్లవి కావు, బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసినదానివి. ఆ లెక్క నీకు అచ్చంగా అలాగే సరిపోదు. కానీ "ఇంగ్లీషు పూర్తయ్యాక" అని ఎదురుచూస్తే ఎన్నాళ్లు కూర్చోవాలో దీన్నిబట్టి ఊహించుకో. పైగా నీకు కావలసిన ఇంగ్లీషు ఈఎస్ఎల్ (ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే కోర్సు) పుస్తకంలో దొరకదు. అది ఉండేది ల్యాబ్ షీట్‌లో, వ్యాయామశాలలో, క్లయింటుతో మాట్లాడే మాటల్లో.

భాష రాకుండా వ్యాయామశాలలో ఏం చేస్తానంటావేమో, విను. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో జేమ్స్ ఆషర్ అనే సైకాలజీ ప్రొఫెసరు ఉండేవాడు. 1960లలో ఆయన విద్యార్థులకు జపనీస్ నేర్పించి చూశాడు. వ్యాకరణం లేదు, బట్టీ లేదు. "నిలబడు, నడువు, ఆగు, వెనక్కి తిరుగు" అని ఆ భాషలో ఆజ్ఞలు ఇచ్చి, విన్నది విన్నట్టు ఒంటితో చేయమన్నాడు. నోరు తెరవమని తొందరపెట్టలేదు. పసిబిడ్డ మాట్లాడటానికి ఎంతో ముందే అమ్మ మాట విని చేయి చాపుతుంది కదా, ఆయన ఆలోచనకు మూలం అదే. ఒంటితో చేసిన మాట బాగా గుర్తుంటుందని ఆయన చూపించాడు. ఈ పద్ధతిని ఈఎస్ఎల్ టీచర్లు ఇప్పటికీ వాడతారు.

అందుకే మొదటి సెమిస్టర్‌లో ఈఎస్ఎల్‌తో పాటు వెయిట్ ట్రైనింగ్ లాంటి యాక్టివిటీ క్లాసు ఒకటి తీసుకో. పాదాలు ఎంత ఎడంగా పెట్టాలి, మోకాళ్లు ఎటు చూడాలి, ఊపిరి ఎప్పుడు వదలాలి అని టీచరు చెబుతూ తనే చేసి చూపిస్తుంది. అర్థం కాని మాట ఎదుటే కళ్లకు కనబడుతుంది. ఖోఖో ఆడిన నీకు ఒంటి భాష ముందే వచ్చు. దాని పక్కన ఇంగ్లీషు మాట పెట్టుకోవడమే నీ పని.

కొంచెం ముందుకు వెళ్లాక ల్యాబ్‌లో బీపీ చూడటం నేర్పుతారు. కఫ్‌ను, అంటే గాలి నింపే పట్టీని, మోచేతి మడతకు అంగుళం పైన చుట్టాలి. మణికట్టు దగ్గర నాడి అందకుండా పోయేదాకా గాలి కొట్టి, ఇంకో 30 పాయింట్లు పెంచాలి. స్టెతస్కోపు మోచేతి లోపలివైపు ఆనించి, సెకనుకు రెండు మూడు పాయింట్ల చొప్పున మెల్లగా వదలాలి. మొదట టక్‌మని వినబడిన చోట పై అంకె, చప్పుడు ఆగిన చోట కింది అంకె. నికొలాయ్ కొరొట్కోఫ్ అనే రష్యన్ సర్జన్ 1905లో ఈ చప్పుళ్లను గుర్తించాడు. చేతిపని నీకు రెండు రోజుల్లో వస్తుంది. అసలు పరీక్ష ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడటం. "ఐయామ్ గోయింగ్ టు ర్యాప్ దిస్ ఎరౌండ్ యువర్ ఆర్మ్. ఇట్ విల్ ఫీల్ టైట్ ఫర్ ఎ ఫ్యూ సెకండ్స్." ఈ రెండు వాక్యాలు తడబడకుండా, వాళ్ల కళ్లలోకి చూసి చెప్పగలిగితే అవతలివాళ్లు భుజాలు వదులు చేస్తారు. భయపడితే అంకె పెరుగుతుంది. అంటే నీ ఇంగ్లీషు సరిగ్గా లేకపోతే నీ కొలతే తప్పుతుంది. రెండు క్లాసులూ వేరు కాదని నేను అంత గట్టిగా చెబుతున్నది ఇందుకే.

ఈఎస్ఎల్‌లో వ్యాసం రాయమంటే సెలవుల గురించి, పండగల గురించి రాసి ఊరుకోకు. జెర్రీ మోరిస్ అనే పరిశోధకుడు లండన్ బస్సుల మీద చేసిన పరిశోధన గురించి రాయి. అది 1953లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. డబుల్ డెకర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్లకంటే గుండెజబ్బు తక్కువగా ఉందని ఆయన చూపించాడు. ఆర్టీసీ బస్సుల్లో తిరిగి పెరిగినదానివి, విషయం నీకు కొత్త కాదు, అందుకే వాక్యం మీద మనసు పెట్టగలవు.

అనాటమీ మాత్రం మొదటి సెమిస్టర్‌లో వద్దు. ఒక యూనిట్‌కు వారానికి మూడు గంటల పని అని కాలేజీ లెక్క, క్లాసూ ఇంటి చదువూ కలిపి. ల్యాబ్‌తో నాలుగైదు యూనిట్ల అనాటమీ అంటే వారంలో చాలా గంటలు దానికే పోతాయి. చదివే వేగం పెరిగాక తీసుకో.

డబ్బు సంగతి. నాన్‌క్రెడిట్ (డిగ్రీకి లెక్కలోకి రాని) ఈఎస్ఎల్‌కు ట్యూషన్ ఫీజు లేదు. క్రెడిట్ కోర్సులకు రాష్ట్ర నివాసులకైతే యూనిట్‌కు 46 డాలర్లు. నివాసిగా లెక్క కావాలంటే ఏడాది పైన ఒక్క రోజు ఇక్కడ ఉండాలి, అంతవరకు దానికి ఎన్నో రెట్లు కట్టాలి. అందుకని ఈ ఏడాది నాన్‌క్రెడిట్ ఈఎస్ఎల్‌తోపాటు ఒక్క చిన్న యాక్టివిటీ క్లాసు చాలు. భార్యగా వచ్చిన హెచ్‌4 వీసా మీద చదువుకోవచ్చు, జీతం తీసుకునే పని మాత్రం ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా చేయకూడదు. జిమ్‌లో ఎవరైనా "చేతికి డబ్బులిస్తాం" అంటే వద్దని చెప్పు.

ఇంకొకటి. నువ్వు తెలుగు వదిలిపెట్టనక్కర్లేదు. మౌంటెన్ వ్యూలో ఎల్ కమీనో హాస్పిటల్ వాళ్లు ప్రత్యేకంగా సౌత్ ఏషియన్ హార్ట్ సెంటర్ నడుపుతున్నారు. మనవాళ్లకు గుండెజబ్బు, షుగరు చిన్న వయసులోనే వస్తున్నాయి కాబట్టే. పార్కుల్లో నడిచే మన అత్తయ్యలూ బాబాయిలూ ఎంతమంది డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది విని తలూపి ఇంటికొస్తున్నారో నాకు తెలుసు. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తోందా, కళ్లు తిరుగుతున్నాయా అని వాళ్లను తెలుగులో అడిగి, వచ్చిన జవాబును ఇంగ్లీషులో డాక్టరుకు రాసి ఇవ్వగల మనిషి ఇక్కడ కావాలి.

ఈఎస్ఎల్‌లో ఏ మెట్టులో చేరాలో చాలా కాలేజీల్లో నిన్నే ఎంచుకోమంటారు. మొహమాటపడి కింది మెట్టు ఎంచుకోకు. ఈఎస్ఎల్ క్రెడిట్ కోర్సుల్లో చేరినవాళ్లు మూడేళ్లలో డిగ్రీ స్థాయి ఇంగ్లీషు క్లాసు పూర్తిచేసే వీలు కాలేజీలు కల్పించాలని 2017లో ఇక్కడ ఏబీ 705 అనే చట్టమే తెచ్చారు. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకో. నీ బీపీఎడ్ మార్కుల మెమోలు పట్టుకెళ్లు, ఏ కోర్సులకు వాటి విలువ ఎంతో ముందే అడుగు. టైమ్‌టేబుల్ ఖరారు చేసే ముందు నాకు ఫొటో పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ