ఓడనివాడి లెక్క: ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి అనుభవ పాఠాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడుల్లో పిల్లలను ఆడించి రిటైరైన పీఈటీని నేను. నా దగ్గర ఆడి పెద్దవాళ్లయినవాళ్లు ఎక్కడ కలిసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "సార్, బాక్సింగ్‌ల మేవెదర్ యాభై ఆడి యాభై గెలిచిండు. ఒక్కటి గూడ ఓడలే. అందరికన్న గొప్పోడు ఆయనే గదా?" పక్కనున్నవాడు వెంటనే మహమ్మద్ అలీ పేరు ఎత్తుతాడు. అలీ అయిదుసార్లు ఓడిండు గదా అంటాడు మొదటివాడు. ఈ వాదన అంటే నాకు ఇష్టం. ఏ ఆటగాణ్ని గొప్పవాడని పిల్లలు నమ్ముతారో, రేపు తాము కూడా అలాగే ఆడాలని చూస్తారు. అందుకే ఇన్నేళ్లలో చూసింది, చదివింది, నమ్మింది ఇక్కడ రాస్తున్నాను.

1. ఎన్ని గెలిచాడన్నది తర్వాత, ఎవరితో తలపడ్డాడో ముందు అడగండి

మా దిక్కు జాతరల్లో కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. అప్పుడప్పుడే లంగోటి కట్టడం నేర్చిన పిల్లలు కొబ్బరికాయ కుస్తీ పడతారు. తర్వాత పైసల ఇనాం కుస్తీలు. పొద్దుగూకే వేళకు వెండి కడెం కుస్తీ. దానికి నిజామాబాద్ నుంచి, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల నుంచి పేరున్న పైల్వాన్లు దిగుతారు. ఏటా వచ్చి, తనకన్నా తక్కువ బలం ఉన్నవాళ్లతో రెండు మూడు కుస్తీలు గెలిచి, కడెం కుస్తీ పిలుపు రాకముందే బట్టలు వేసుకుని వెళ్లిపోయేవాళ్లను చూశాను. వాళ్లు ఎన్నడూ ఓడలేదన్న మాట నిజమే. కానీ ఊరు వాళ్ల పేరు గుర్తుపెట్టుకోలేదు. కడెం కుస్తీలో చివరిదాకా పెనుగులాడి వీపు మట్టికి ఆనిన పైల్వాన్ పేరు మాత్రం ఇప్పటికీ చెబుతారు.

బాక్సింగ్‌లోనూ అంతే. మేవెదర్ 50 విజయాల్లో 50వది 2017 ఆగస్టులో కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. మెక్‌గ్రెగర్ వేరే రకం పోరులో మొనగాడే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మాత్రం ఆ రోజుకు ముందు ఒక్క పోటీ కూడా ఆడలేదు. ఆ గెలుపును, 2013లో అప్పటిదాకా ఓటమి ఎరుగని కనేలో అల్వారెజ్ మీద గెలుపును ఒకే గాటన కట్టలేం. లెక్కలో మాత్రం రెండూ ఒక్కొక్కటే. మరో మేటి బాక్సర్ పాకియావోతో పోటీ మాట 2009 చివరలో మొదలైతే, ఇద్దరూ రింగులో కలిసింది 2015 మే 2న. అప్పటికి మేవెదర్‌కు 38 ఏళ్లు, పాకియావోకు 36. ఆలస్యం ఎవరివల్ల అన్న తగాదా అలా ఉంచండి. ఇద్దరూ మంచి ఊపుమీదున్నప్పుడు జరగాల్సిన పోటీ ప్రపంచానికి దక్కలేదు.

మేవెదర్‌కు న్యాయం కూడా చేయాలి. 2002 ఏప్రిల్‌లో కాస్టిల్లో అనే బాక్సర్ మీద జడ్జీలు ఆయన్ను గెలిపించినా, చూసినవాళ్లలో చాలామంది కాస్టిల్లోనే గెలిచాడన్నారు. అదే ఏడాది డిసెంబరులో అదే మనిషితో మళ్లీ తలపడి గెలిచాడు. ఆయన ఘనత చెప్పమంటే నేను ఆ డిసెంబరు పోటీనే చెబుతాను.

2. ఓడనివాడి వెనక కూడా ఓటమి ఉంటుంది

యాభైకి యాభై అన్నది ప్రొఫెషనల్ లెక్క మాత్రమే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ సెమీఫైనల్లో మేవెదర్ బల్గేరియాకు చెందిన సెరాఫిమ్ తొదొరోవ్ చేతిలో 10-9తో ఓడి కాంస్యంతో ఇంటికి వెళ్లాడు. ఆ తీర్పు మీద అమెరికా జట్టు ఫిర్యాదు చేసింది, తీర్పు మారలేదు. 49 ఆడి 49 గెలిచిన రాకీ మార్సియానో కూడా అమెచ్యూర్‌గా ఉన్నప్పుడు 1948లో కోలీ వాలెస్ చేతిలో ఓడాడు. ఈ ఇద్దరూ ఓటమి రుచి చూశాకే ఆ స్థాయికి వచ్చారు. ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు తేటపడతాయి.

3. ప్రత్యర్థిని ఎవరు ఎంచుతారో తెలుసుకోవాలి

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ, ఎంత డబ్బుకు ఆడాలో ప్రమోటర్లు, మేనేజర్లు కూర్చుని మాట్లాడుకుంటారు. పెద్ద పేరున్నవాడికి ఆ బేరంలో పైచేయి. మన పిల్లలు ఆడే అమెచ్యూర్ బాక్సింగ్ అలా కాదు. చీటీ తీస్తారు, ఎవరు వస్తే వాళ్లతోనే ఆడాలి. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, అయిదుగురు జడ్జీలు. ఇవాళ గెలిస్తే ఎల్లుండి ఇంకొకరు. దెబ్బ తగిలిన చెయ్యి మానేదాకా ఎవరూ ఆగరు. అందుకే అక్కడ సున్నా ఓటములతో బయటపడేవాళ్లు దాదాపు ఉండరు.

మన నిఖత్ జరీన్ ఆ లోకం నుంచే వచ్చింది. జగిత్యాల, కోరుట్ల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే మెట్‌పల్లి, ఆర్మూరు దాటి చేరే నిజామాబాద్ ఆమె ఊరు. తండ్రి జమీల్ అహ్మద్ సౌదీలో ఉద్యోగం చేసి వచ్చినాయన. గల్ఫ్ అంటే ఏమిటో కోరుట్ల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి తిరిగొచ్చి కూతురి వెంట మైదానానికి నడిచిన తండ్రి అంటే నాకు ఎంతో గౌరవం. కోచ్ శంషాముద్దీన్ గారి దగ్గర గ్లవుజులు తొడుక్కున్న ఆ అమ్మాయి 2011లో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజం గాయంతో ఆట ఆగింది. 2019 డిసెంబరులో, ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరు వెళ్లాలో తేల్చే ట్రయల్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. అసలు ట్రయల్ పెట్టాలని పట్టుబట్టింది నిఖతే, క్రీడల మంత్రికి లేఖ రాసి మరీ. అప్పటికి ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషితో పోటీ కావాలని అడిగి తెచ్చుకుంది. తమ లెక్క కాపాడుకోవాలనుకునేవాళ్లు ఆ లేఖ రాయరు.

తర్వాత 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో వరుసగా ప్రపంచ ఛాంపియన్. మధ్యలో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం. ఆ ట్రయల్ ఓటమిని ఈ పతకాల పక్కనే రాయాలని నా కోరిక.

4. ఓటమిని కూడా చదవడం నేర్చుకోవాలి

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ 5-0తో ఓడినప్పుడు మా వైపు ఎంతోమంది రాత్రి అన్నం సరిగా తినలేదు. మరునాడు "తేలిపోయింది" అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరి చేతిలో ఓడింది? చైనాకు చెందిన వు యు. ఆ విభాగంలో టాప్ సీడ్, చివరికి ఒలింపిక్ స్వర్ణం ఆమెదే. నిఖత్‌కు సీడింగ్ లేదు, అందుకే రెండో పోటీలోనే ఆమె ఎదురైంది. అదే మనిషి ఫైనల్లో ఎదురై, అదే 5-0తో ఓడించి ఉంటే నిఖత్ మెడలో వెండి పతకం ఉండేది, ఊరేగింపు ఉండేది. చీటీలో పేరు ఎక్కడ పడిందన్నదే తేడా.

టర్కీ బాక్సర్ బూసె నాజ్ సంగతి చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన ఆమెను 2022లో స్ట్రాంజా టోర్నీలో నిఖత్ ఓడించింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్‌ఫైనల్లో ఆమె నిఖత్‌ను ఓడించింది. ఆ నవంబరులోనే గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం నిఖత్ చేతికొచ్చింది. గట్టివాళ్ల మధ్య జరిగే ఆట ఇలాగే ఉంటుంది.

కోచ్ శంషాముద్దీన్ గారి కొడుకు, బాక్సర్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లి, మోకాలి గాయంతో రింగులోకి దిగలేకపోయాడు. కాగితం మీద అదీ ఓటమే. అతని మెడలోని ప్రపంచ కాంస్యం కూడా ఆ కాగితంలోదే.

5. సున్నా మీద మోజు పెరిగితే పిల్లలు ఆట నుంచి తప్పుకుంటారు

సిరిసిల్లలో నా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు. తండ్రి సాంచాల (మరమగ్గాల) మీద రాత్రి షిఫ్టు చేసేవాడు. పిల్లవాడి చెయ్యి మెరుపు. మండలంలో, జిల్లాలో వాడి ముందు ఎవరూ నిలవలేదు. బడిలో అందరూ వాణ్ని ఓడనోడా అని పిలవడం మొదలుపెట్టారు. రాష్ట్ర స్థాయి పోటీల ముందు, తన బరువులో నిజామాబాద్ పిల్లవాడు ఒకడు వస్తున్నాడని ఎవరో చెప్పారు. మరునాటి నుంచి మా వాడికి కడుపునొప్పి. పోనని ఏడ్చాడు.

తండ్రి షిఫ్టు దిగి, దూది ఇంకా జుట్టులో ఉండగానే బడికి వచ్చాడు. "ఓడితె ఓడనీ సారూ. పోయి జూసి రానీ. ఇంట్ల గూసుంటె ఎట్ల ఎరుకైతది?" అన్నాడు. పిల్లవాడు వెళ్లాడు, ఓడాడు. రైలు దిగేసరికి ఆ నిజామాబాద్ పిల్లవాడు ఎడమ చెయ్యి ఎట్లా వేస్తున్నాడో మిగతావాళ్లకు చూపిస్తున్నాడు. ఓడనోడా అన్న పిలుపు ఆగిపోయింది, వాడి ఆట మెరుగుపడింది. ఆ తండ్రికి ఉన్న తెలివి చాలామంది కోచ్‌లకు ఉంటే బాగుండు.

6. ఓడకుండానే గొప్పవాళ్లయినవాళ్లు ఉన్నారు

ఇంతదాకా చదివి, ఓడితేనే గొప్ప అని నేనంటున్నట్టు అనుకోవద్దు. 1952 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో మార్సియానో, ఛాంపియన్ జో వాల్కాట్‌తో తలపడ్డప్పుడు మొదటి రౌండులోనే కింద పడ్డాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి మూడు స్కోరు కార్డుల్లోనూ వెనకే ఉన్నాడు. పదమూడో రౌండులో కుడిచేత్తో ఒక్క పంచ్, వాల్కాట్ లేవలేదు. మార్సియానో ఓడించిన పెద్ద పేర్లలో కొందరు అప్పటికే వయసు మళ్లినవాళ్లన్నది నిజం. మార్సియానో చేతిలో ఓడిన రోజున జో లూయీకి 37 ఏళ్లు. అయినా ఫిలడెల్ఫియా రాత్రిని ఆయన నుంచి ఎవరూ తీసుకోలేరు.

గామా పైల్వాన్ 1910లో లండన్ వెళ్లి, పొట్టివాడివని పోటీలోకి రానివ్వకపోతే, ఎవరైనా రండని సవాలు విసిరాడు. జిబిస్కో అనే పోలండ్ మల్లుడు రెండున్నర గంటలకు పైగా చాపకు అతుక్కుని ఓటమి తప్పించుకున్నాడు, వారం తర్వాత మళ్లీ పట్టాల్సిన కుస్తీకి రానేలేదు. 1928లో పాటియాలాలో అదే జిబిస్కోను గామా నిమిషం లోపే పడగొట్టాడు.

మన కాలంలో ఉక్రెయిన్‌కు చెందిన బాక్సర్ ఉసిక్ ఉన్నాడు. పోలండ్ వాణ్ని పోలండ్‌లో, లాత్వియా వాణ్ని రీగాలో, రష్యా వాణ్ని మాస్కోలో, ఇంగ్లండ్ వాణ్ని మాంచెస్టర్‌లో ఓడించాడు. తర్వాత తనకన్నా బరువైన హెవీవెయిట్‌లలోకి వెళ్లి జాషువాను లండన్‌లో ఓడించాడు. ఫ్యూరీని 2024లో రెండుసార్లు. 2025 జూలైలో వెంబ్లీలో డుబోయిస్‌ను. ఫ్యూరీతో పోటీలు తప్ప, ఇవన్నీ అవతలివాడి జనం కేకల మధ్య, అవతలివాడి దేశంలో గెలిచిన గెలుపులు. ఈయన కూడా 2008 ఒలింపిక్స్‌లో ఇటలీకి చెందిన రుస్సో చేతిలో ఓడినవాడే. 2012 ఫైనల్లో అదే రుస్సోను ఓడించి స్వర్ణం తీసుకున్నాడు. ఓడని ఛాంపియన్లలో గొప్పవాడెవరని నన్నడిగితే ఉసిక్ పేరు చెబుతాను.

7. దిగిపోవడం తెలిసినవాణ్ని తక్కువ చేయకండి

మార్సియానో 32 ఏళ్లకే గ్లవుజులు విప్పేశాడు. అలీ ఓడిన అయిదింటిలో చివరి రెండూ 38 దాటాక వచ్చినవి, 1980లో హోమ్స్ చేతిలో, 1981లో బెర్బిక్ చేతిలో. ఆ పోటీలు జరగకుండా ఉంటే బాగుండేదని అలీని ప్రేమించే ప్రతివాడూ అనుకుంటాడు. తలకు తగిలిన దెబ్బలను వెనక్కి తీసుకోలేం. సున్నా ఓటములతో తప్పుకున్నవాణ్ని పిరికివాడని అనేముందు ఇది గుర్తుంచుకోవాలి.

8. అవకాశం దక్కనివాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

హంగరీకి చెందిన లాస్లో పాప్ 1948, 1952, 1956లలో మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి, ప్రొఫెషనల్‌గా ఒక్కటీ ఓడలేదు. ప్రపంచ టైటిల్ పోటీకి అతని ప్రభుత్వమే అనుమతి ఇవ్వలేదు. అతని సున్నాలో అతని తప్పేమీ లేదు. ఆడపిల్లల బాక్సింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2012లో. అప్పటికే మేరీ కోమ్ అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఎంతమంది అమ్మాయిల లెక్క మొదలుకాకుండానే ఆగిపోయిందో ఆలోచిస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

9. నా తీర్పు, నా విన్నపం

ఓడని ఛాంపియన్ గొప్పవాడు కావచ్చు. అయితే తన కాలంలోని గట్టివాళ్లను, వాళ్లు గట్టిగా ఉన్నప్పుడే వెతుక్కుంటూ వెళ్లి ఉండాలి. అలా వెళ్లినవాడికి ఓటమి వచ్చినా నేను చెయ్యెత్తి మొక్కుతాను. వెళ్లనివాడికి ఎన్ని బెల్టులున్నా మొక్కను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తల్లిదండ్రులకు, నా తర్వాత వచ్చిన పీఈటీలకు చెబుతున్నాను. పిల్లల పేర్లు స్కూల్ గేమ్స్‌కు ఇవ్వండి, ఆడపిల్లల పేర్లు ముందు ఇవ్వండి. గెలుస్తారన్న పోటీలకే కాదు, ఓడే అవకాశం ఉన్న పోటీలకూ పంపండి. బరువు సరిగా చూపించండి, మౌత్‌గార్డ్, హెడ్‌గార్డ్ లేకుండా స్పారింగ్‌కు దించకండి. నిజామాబాద్ మనకు దూరం కాదు. సెలవుల్లో బస్సెక్కించి అక్కడి పిల్లలతో ఆడించి తీసుకురండి.